తినిపించే చెయ్యి

మా తమ్ముడు అమ్మ చేత్తో తప్ప తినడు. మా ఇల్లు ఇన్నేళ్లూ ఈ ఒక్క మాట చుట్టూ గానుగెద్దులా తిరిగింది. వాడికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. పొద్దున గడ్డం గీస్తే సాయంత్రానికి మళ్లీ గరుకు తేలుతుంది. నడవడు, మాట్లాడడు, రెండు పక్కలా దిండ్లు పెట్టకపోతే ఒరిగిపోతాడు. పుట్టుకతో వచ్చిన ఎదుగుదల లోపం అని వాడి చిన్నప్పుడే చెప్పారు. నీళ్లు ఎవరు గ్లాసు పట్టినా తాగుతాడు. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మే కావాలి. నేను చెంచా చూపిస్తే పెదాలు బిగించేస్తాడు. బలవంతంగా పెడితే నా మొహం మీదే ఊసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చూస్తాడు.

"నీ మొహం చూస్తేనే వాడికి ఆకలి చచ్చిపోతుందే" అని అమ్మ నవ్వేది. అమ్మ ఒక్క పూట కూడా ఇల్లు వదిలి ఉండలేదు. నాన్న పోయిన రోజున, ఏడుస్తున్న వాళ్ల మధ్య నుంచి లేచి వెళ్లి, వీడికి తినిపించి, మూతి తుడిచి, వచ్చి మళ్లీ ఏడ్చింది.

నేను కళ్లద్దాల షాపులో ఫ్రేములు బిగిస్తాను. పెళ్లి చేసుకున్నాను, కుదరలేదు, తిరిగొచ్చేశాను. ఎందుకు కుదరలేదని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు మర్యాదగా ఉండదు కాబట్టి ఈమధ్య ఎవరూ అడగడం లేదు.

అమ్మకి కడుపులో నొప్పి మొదలై, అది తగ్గక, పరీక్షలన్నీ అయ్యాక, కాలేయంలో గడ్డ అని తేలింది. డాక్టరు గారు అమ్మని బయట కూర్చోమని నాతో చెప్పబోయారు. అమ్మ కదల్లేదు. "నాకు చెప్పండి బాబూ, దానికి నేను చెప్పుకుంటాను" అంది. ఆయన చెప్పారు. ఆపరేషన్‌కి లొంగదని, మందులు నొప్పికే గాని రోగానికి కాదని, ఏడాది గడవడం కష్టమని చెప్పారు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"నా చెయ్యి ఎన్నాళ్లు లేస్తుంది?"

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమై, ఆ గదిలోంచి లేచిపోవాలనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పేటలోకి ప్రశ్నలమ్మ దిగింది. ఆవిడ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. ఆవిడ చదువుని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. పేరు నోరు తిరగదు గాని, పని మన ఇళ్లలోదే. తినడం, తొడుక్కోవడం, స్నానం చెయ్యడం, పక్క మీంచి లేవడం లాంటివి చేతకాని వాళ్లకి చేతనయ్యేలా చూడటం. మా పేటలో వీడి లాంటి వాళ్లున్న ఇళ్ల వాళ్లందరినీ ఆరోగ్య కేంద్రం మేడ మీద గదికి పిలిచింది. అది పిల్లలకి టీకాలు వేసే గది. కుర్చీలన్నీ పిల్లల కుర్చీలే. పెద్దవాళ్లం మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం.

"ఇన్నాళ్లూ మాలాంటి వాళ్లం ప్రశ్నలు మేమే తయారుచేసుకుని మీ ఇళ్లకి వచ్చాం. ఈసారి ప్రశ్న మీది. ఏం కనుక్కోవాలో మీరు చెప్పండి, దాని మీద మనందరం కలిసి పనిచేద్దాం" అంది ఆవిడ. ఇంకా చాలా అంది. ప్రతి రెండో వాక్యంలో 'భాగస్వామ్యం' అనే మాట దొర్లింది. నాకు ఒళ్లు మండింది. మా ఇంటికి వచ్చినవాళ్లంతా మెత్తగా మాట్లాడినవాళ్లే, పని అయ్యాక మళ్లీ కనపడని వాళ్లే.

"ఏ ప్రశ్నా తెచ్చుకోకుండా వచ్చారు కాబట్టి మీకు ప్రశ్నలమ్మ అని పేరు పెడుతున్నాను" అన్నాడు కండక్టరు మావయ్య. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లో ఎదిగిన కూతురుంది, దానికి జడ వేసేదీ స్నానం చేయించేదీ ఆయనే. అందరూ నవ్వారు. ప్రశ్నలమ్మ కూడా నవ్వింది. ఆ పేరు ఆవిడకి అతుక్కుపోయింది.

ప్రశ్న తేలేదంటూనే ఆవిడ ఒక సంచీ తెచ్చింది. అందులో లావుపాటి పిడి ఉన్న చెంచాలు, మెడ వంచిన చెంచాలు, అంచు పైకి లేచిన పళ్లాలు ఉన్నాయి. ఎవరి తిండి వాళ్లు తినేలా చెయ్యాలని ఆవిడ ఆశ. అమ్మ ఒక చెంచా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది.

"మా వాడు చెంచా పట్టుకోడమ్మా. చూసీ చూసీ చెబుతున్నాను. పట్టుకునే చెయ్యి మారాలి. నేను పోయాక వాడు ఇంకొకళ్ల చేత్తో తింటాడా, తినడా? నా ప్రశ్న ఇదీ."

అప్పుడు దర్జీ అత్త, "నా ప్రశ్న కూడా ఒకప్పుడు అదే" అంది.

దర్జీ అత్తది మా ఎదురిల్లే. కింద కుట్టు మిషను, పైన ఒక గది. ఆవిడకి ఒక్కతే కూతురు, మా వాడి లాంటిదే. అత్త ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరాల్సి వచ్చి, కూతుర్ని ఒక సంరక్షణ కేంద్రంలో ఉంచింది. పిల్ల అక్కడ ఎవరి చేత్తోనూ తినలేదు. ముక్కులోంచి గొట్టం వేశారు. పీకేసుకుంది. చేతులు కట్టి మళ్లీ వేశారు. అత్త కుట్లు విప్పించుకునేలోపే పిల్ల పోయింది. అయినా అత్త ప్రతి మీటింగుకీ వచ్చేది. ఎందుకని అడిగితే, "ఇంకెక్కడికి వెళ్లాలో తెలీక" అనేది.

ఒక్కొక్కళ్లే మాదీ అదే, మాదీ అదే అన్నారు. ప్రశ్నలమ్మ చెంచాలన్నీ మళ్లీ సంచీలో సర్దేసింది. ఆ ఒక్క విషయంలో ఆవిడని మెచ్చుకోవాలి. అడిగింది, విన్నాక వెనక్కి తగ్గలేదు. అందరికంటే మాకు తొందర ఎక్కువ కాబట్టి మా ఇంటితోనే మొదలుపెట్టింది.

వారం రోజులు ఏమీ చెయ్యలేదు. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, అమ్మ తినిపిస్తుంటే చూస్తూ కూర్చుంది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోగల మనిషని నేను అనుకోలేదు. చివరికి చూసిందంతా అమ్మకే చెప్పింది. అమ్మ వాడికి ఎడమ పక్కనే కూర్చుంటుంది. బొటనవేలు వాడి దవడ కింద ఆనిస్తుంది. చెంచా అడుగుని కింది పెదవికి తాకించి ఆగుతుంది. వాడు ఊపిరి వదిలాక తన నోరు తను తెరుస్తుంది, అప్పుడు వాడూ తెరుస్తాడు. మింగేదాకా ఏదో కూనిరాగం తీస్తుంది, దానికి పాటా లేదు మాటా లేదు.

"ఇదంతా నేను చేస్తానా?" అంది అమ్మ. అద్దంలో వేరే మనిషి కనిపించినట్టు తన చేతుల్ని చూసుకుంది.

ఇక నేను అమ్మనవ్వాలి. అదే ఆవిడ పథకం. అమ్మ పాత శాలువా కప్పుకుని, ఎడమ పక్కన కూర్చుని, దవడ కింద బొటనవేలు పెట్టి, ఆ కూనిరాగం తీస్తూ చెంచా అందించాలి. ముందు నా చేతి మీద అమ్మ చెయ్యి ఉంటుంది. వాడు అలవాటు పడేకొద్దీ అమ్మ చెయ్యి నా మణికట్టుకి, మోచేతికి, భుజానికి జరిగి, ఆఖరికి తీసేస్తుంది. వింటే ఎంత తేలిగ్గా ఉందో. చేస్తే తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉన్నంతవరకూ వాడు తిన్నాడు. భుజం మీంచి లేచిందంటే పెదాలు తలుపులేసినట్టు మూసుకునేవి.

పొద్దున అమ్మే పెట్టేది, మధ్యాహ్నం షాపు నుంచి వచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి నేను ప్రయత్నించేదాన్ని. వారాలు గడుస్తున్నాయి. అమ్మ కళ్లు పచ్చబడ్డాయి. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. వాడేమో అక్కడే ఉన్నాడు.

ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి వాడిని కుర్చీ తూకంలో కూర్చోబెట్టి బరువు చూసేది. ఒకరోజు ప్రశ్నలమ్మ ఆ బరువు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది.

"మధ్యాహ్నం, సాయంత్రం మీ చేత్తో దాదాపు ఏమీ తినడం లేదు కదా. అలాంటి మనిషి తగ్గాలి. ఎందుకు తగ్గట్లేదు?" అంది.

ఆవిడ నన్నే అడిగింది. నేను మాత్రం అమ్మ వైపు చూశాను. అమ్మ శాలువా మడత పెట్టే పనిలో పడింది.

మర్నాడు షాపుకని బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చాను. స్నానాల గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను. వాడిని చక్రాల కుర్చీతో సహా లోపలికి లాక్కెళ్లి, తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చుని, అమ్మ వాడికి తినిపిస్తోంది. నన్ను చూసి గిన్నె వెనక్కి దాచింది. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలాగే దాచింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఆకలేసి చూస్తుంటే ఎలా ఊరుకోనే?"

"రేపు నువ్వు పోయాక కూడా ఇలాగే చూస్తాడు. అప్పుడేం చేస్తావు? లేచొచ్చి పెడతావా?"

అనకూడని మాటే. అన్నాను. వెనక్కి తీసుకోలేదు కూడా, ఎందుకంటే అది నిజం. అమ్మ గిన్నెలో మిగిలింది కూడా వాడికి తినిపించేసి, మూతి తుడిచి, అప్పుడు లేచింది. వాడు కడుపు నిండి హాయిగా తల ఊపుతున్నాడు. నాకు వాడి మీద ఎంత కోపం వచ్చిందో, ఆ వెంటనే నా మీద నాకు అంత అసహ్యం వేసింది.

తర్వాతి మీటింగులో ఆ సంగతి అమ్మే బయటపెట్టింది. ఎవరూ తప్పు పట్టలేదు. నిజానికి చాలామంది తలలు దించుకున్నారు, తామైనా అదే చేసేవాళ్లమని వాళ్లకి తెలుసు. కండక్టరు మావయ్య మాత్రం, "చెల్లెమ్మా, నువ్వు ఎదురుగా ఉన్నంతకాలం వాడు ఇంకొకళ్ల చెంచా వైపు ఎందుకు చూస్తాడు? నేనైనా చూడను" అన్నాడు.

"అదే నేనూ అనుకుంటున్నాను అన్నయ్యా" అంది అమ్మ. తర్వాత ప్రశ్నలమ్మ వైపు తిరిగింది. "నేను చచ్చాక మీరంతా ఏం చేస్తారో అది ఇప్పుడే చెయ్యండి. నేను ఇంట్లోంచి వెళ్లిపోతాను. వాడికి కనపడను, వినపడను. మీరేమైనా పొరపాటు చేస్తే చెప్పడానికి నేను ఉంటాను గదా. అదొక్కటే తేడా."

ప్రశ్నలమ్మ నీళ్లు నమిలింది. ఇలా ఒక్కసారిగా చెయ్యడం పద్ధతి కాదంది. ఇలాంటి పరిశోధనల్లో మనుషులకి హాని జరక్కుండా చూసే కమిటీ ఒకటి ఉంటుందని, వాళ్లు ఒప్పుకోరని చెప్పింది.

"మా పిల్లకి జరిగినప్పుడు ఆ కమిటీ ఎక్కడుందమ్మా?" అంది దర్జీ అత్త. గొంతు పెంచకుండానే అంది. "మా పైగది ఖాళీగానే ఉంది. వదిన నా దగ్గర ఉంటుంది."

ప్రశ్నలమ్మ నోట ఆ రోజు భాగస్వామ్యం అన్న మాట రాలేదు. ప్రశ్న మీదే అని మాకు చెప్పిన మనిషి, మా జవాబు విని భయపడుతోందని నాకు తెలిసింది. అయినా వెళ్లి ఆ కమిటీతో పోట్లాడి ఒప్పించింది. షరతులు పెట్టారు. నర్సు రోజూ చూడాలి. బరువు ఒక గీత దాటి కిందికి పోతే అన్నీ ఆపేసి, ఆస్పత్రిలో చేర్చి గొట్టం వెయ్యాలి. ఇక అంతే. వాడు నోటితో బతకాలా, గొట్టంతో బతకాలా అన్నది ఆ గీత తేలుస్తుంది.

అమ్మ వెళ్లిన రోజు మధ్యాహ్నం వాడికి తినిపించింది. మూతి తుడిచింది. గిన్నె కడిగి బోర్లించింది. వాడికి ముద్దు పెట్టలేదు, ఏమీ చెప్పలేదు, రోజూ పెరట్లోకి వెళ్లినట్టే వెళ్లింది. రోడ్డు దాటేటప్పుడు దర్జీ అత్త చెయ్యి పట్టుకుంది. వాడు సాయంత్రం దాకా గుమ్మం వైపే చూస్తూ ఉన్నాడు.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పను. షాపుకి సెలవు పెట్టి, శాలువా కప్పుకుని, ఎడమ పక్కన కూర్చుని, కూనిరాగం తీసేదాన్ని. వాడు పెదాలు బిగించేవాడు. నీళ్లు తాగేవాడు, నర్సు ఇచ్చిన పొడి ఆ నీళ్లలో కలిపితే ఆ రుచి కనిపెట్టి ఊసేసేవాడు. ఆకలికి అరిచేవాడు. వాడి అరుపు మామూలుగా ఉండదు, ముక్కూ గొంతూ కలిసిన ఒక మూలుగు అలా సాగుతూనే ఉంటుంది. ఎదురింట్లో కుట్టు మిషను పొద్దస్తమానం గడగడలాడుతూ ఉండేది. అత్తకి అంత గిరాకీ ఎక్కడిదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, దారం కూడా ఎక్కించకుండా ఉత్తి మిషను తొక్కేదట. అమ్మకి ఆ మూలుగు వినపడకూడదని.

అమ్మ ఒకసారి మెట్లు దిగి వచ్చేసిందట. వీధి గుమ్మం దాకా వచ్చాక అత్త అడ్డం నిలబడింది. "వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లకు. నేను కూతురికి పెట్టలేక పోగొట్టుకున్నాను. నువ్వు పెట్టి పోగొట్టుకుంటావు" అందట. అమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి, చాలాసేపటికి మళ్లీ పైకెక్కిందట.

వాడి పక్కటెముకలు బయటపడ్డాయి. గడ్డం గీస్తుంటే దవడ ఎముక బ్లేడుకి తగులుతోంది. అరవడం కూడా తగ్గించాడు, అది చూసి ఇంకా భయమేసింది. నర్సు తూకం చూసి ప్రశ్నలమ్మతో లోగొంతుతో ఏదో చెప్పింది. ప్రశ్నలమ్మ నా దగ్గరికి వచ్చి, "ఇంకాస్త తగ్గితే ఆపేయాలి. రేపు పొద్దున ఆస్పత్రికి చెప్పి ఉంచుతాను" అంది. ఆవిడ కళ్ల కింద కూడా నల్లగా అయింది. ఆవిడని ఓదార్చే ఓపిక నాకు లేదు.

ఆ మధ్యాహ్నం నేను వాడి ముందు కూర్చుని మళ్లీ ఆ రాగం ఎత్తాను. నా గొంతు నాకే వెగటుగా వినిపించింది. అమ్మ శాలువా మెడకి గుచ్చుకుంటోంది. వాడు నన్ను చూశాడు. ఎలా చూశాడంటే, నువ్వెవరు, ఆ వేషం ఏమిటి అన్నట్టు చూశాడు. నాలో ఏదో తెగింది. శాలువా తీసి గోడకేసి కొట్టాను.

"తినకు. చావు. నీతో పాటు నేనూ చస్తాను, అందరం కట్టగట్టుకుని చద్దాం" అని అరిచాను. నేనూ సరిగ్గా తిని ఎన్నాళ్లయిందో. వంటింట్లోకి వెళ్లి, నా పళ్లెంలో నాకు వడ్డించుకుని, వచ్చి వాడి కుడి పక్కన మంచం అంచున కూర్చుని తినడం మొదలుపెట్టాను. కోపంగా తిన్నాను, చప్పుడు చేస్తూ తిన్నాను. మధ్యమధ్య వాడిని తిడుతూనే ఉన్నాను. నా కాపురం నుంచి మొదలుపెట్టి, షాపులో యజమాని దాకా, వాడికి సంబంధం లేనివన్నీ వాడి మీదే పెట్టి తిట్టాను.

గుమ్మం దగ్గర నుంచి ప్రశ్నలమ్మ గుసగుసగా, "ఆపకండి. తింటూనే ఉండండి" అంది.

చూశాను. వాడు నా వైపు ఒరిగిపోయి, నా చెంచా పళ్లెంలోంచి నోటికి, నోట్లోంచి పళ్లేనికి వెళ్తుంటే కళ్లతో దాని వెంటే తిరుగుతున్నాడు. నోరు కాస్త తెరుచుకుంది. నేను తిట్టడం ఆపలేదు. "ఏం చూస్తున్నావు, నీకు పెట్టను, ఇది నాది" అంటూనే, పళ్లెంలోది వేళ్లతో మెదిపి, నా ఎంగిలి చెంచాతోనే వాడి నోటి దగ్గర పెట్టాను. పెదవికి తాకించలేదు, దవడ పట్టుకోలేదు, రాగం తియ్యలేదు. వాడు తిన్నాడు. మింగాడు. మళ్లీ తెరిచాడు.

పళ్లెం అయిపోయేదాకా తిడుతూనే తినిపించాను. తర్వాత మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ప్రశ్నలమ్మ నన్ను ముట్టుకోలేదు, ఊరడించలేదు. నేను మొహం తుడుచుకున్నాక చెప్పింది.

"తప్పు నాది. మీ అమ్మ ఎలా పెడుతుందో అదంతా మీకు నేర్పించాను. వాడికి దొంగ అమ్మ అక్కర్లేదు. నకలు కనిపెట్టలేని మనిషా వాడు? వాడికి ఇంకో మనిషి కావాలి, అంతే. ఇంతకాలం వాడిని నేను ఆకలితో ఉంచాను."

ఆవిడ మీద అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. "రేపు ఆస్పత్రికి ఫోన్ చెయ్యకండి" అన్నాను. వీధి గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటి పైకిటికీ వైపు ఖాళీ పళ్లెం ఎత్తి చూపించాను. కిటికీలో అమ్మ ఉంది. పళ్లెం చూసి, కిటికీ చువ్వ పట్టుకుని, కిందికి కూర్చుండిపోయింది. కుట్టు మిషను చప్పుడు ఆగింది.

వాడి బరువు మెల్లగా పైకి వచ్చింది. నేను తిట్టకపోతే వాడు తినేవాడు కాదు. మంచి మాటలు చెబితే అనుమానంగా చూసేవాడు. కండక్టరు మావయ్య వచ్చి చూసి, "వీడికి నువ్వు తిట్టడమే కూర" అన్నాడు. ప్రశ్నలమ్మ ఆయన కూతురి విషయంలో మా ఇంట్లో చేసిన తప్పు చెయ్యలేదు. ఆయన తర్వాత ఆ పిల్లని చూసుకోబోయే చెల్లెలికి, నువ్వు అన్నయ్యలా జడ వెయ్యకు, నీకు వచ్చినట్టు వెయ్యి అని చెప్పిందట.

అమ్మ మాత్రం కరిగిపోతోంది. అత్త పైగదిలో, ఆ చచ్చిపోయిన పిల్ల మంచం మీదే పడుకునేది. నేను సాయంత్రాలు వెళ్లేదాన్ని. వీడేం తిన్నాడు, ఎంత తిన్నాడు, దగ్గాడా అని అడిగేది. ఎండ కోసం వాడిని గుమ్మం ముందు కూర్చోబెట్టినప్పుడు, అమ్మ కిటికీ పక్కన కనపడకుండా నిలబడి చూసేది. నిలబడలేని రోజు వచ్చాక డాక్టరు గారు వచ్చి, ఇక ఆస్పత్రి అవసరం లేదన్నారు. ఆ మాట అంటే ఏమిటో అందరికీ తెలుసు.

"ఇంటికొచ్చేస్తానే" అంది అమ్మ.

నేను తల ఊపబోయాను. ప్రశ్నలమ్మే ఆపింది. ఆవిడకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమైందో నేను చూశాను. "మీరు ఇంట్లో ఉంటే వాడు మళ్లీ మీ చేతికే వెళ్లిపోవచ్చు. ఇప్పుడు మీ చెయ్యి లేవదు. ఇన్నాళ్లు పడిందంతా మళ్లీ పడాలి. ఈసారి వాడి ఒంట్లో అంత శక్తి లేదు" అంది.

"అమ్మ ఎక్కడ పోవాలో కూడా మీరే చెబుతారా?" అన్నాను నేను.

"నువ్వుండవే" అంది అమ్మ. "ఒక్కసారి నా చేత్తో పెట్టి చూస్తాను. వాడు తిన్నాడనుకో, నేను ఇక్కడే ఉండి ఇక్కడే పోతాను. తినకపోతే ఇంటికొస్తాను."



కండక్టరు మావయ్య, దర్జీ అత్త కలిసి అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ రోడ్డు దాటించారు. పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా. వాడు మంచం మీద దిండ్ల మధ్య ఉన్నాడు. అమ్మని చూడగానే మొహం విచ్చుకుంది. చేతులు టపటపా కొట్టుకున్నాడు, గొంతులోంచి ఏవేవో చప్పుళ్లు చేశాడు. మర్చిపోలేదు. ఒక్క వెంట్రుకంత కూడా మర్చిపోలేదు. అమ్మ వాడి తల నిమిరి, వాడి ఎడమ పక్కన కూర్చుంది.

నేను గిన్నె అందించాను. అమ్మ ఇంటికి రావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. అందుకు వాడు అమ్మని కాదనాలి. అది కోరుకుంటున్నందుకు నా నోరు చేదెక్కింది. అమ్మ దొంగాట ఆడుతుందేమో అనుకున్నాను. కావాలని తప్పుగా పెట్టి, వాడు తినకుండా చేసి, ఇంటికి వచ్చేస్తుందేమో అనుకున్నాను. అమ్మ అలా చెయ్యలేదు. దవడ కింద బొటనవేలు ఆనించింది. మోచేతిని రెండో చేత్తో ఎత్తిపట్టుకుని, చెంచా లేపి, వాడి కింది పెదవికి తాకించి ఆగింది. వాడు ఊపిరి వదిలేదాకా చూసి, తన నోరు తెరిచింది. ఊపిరి చాలక రాగం తెగుతున్నా తీసింది. తనకి వచ్చినదంతా చేసింది.

వాడు అమ్మ మొహంలోకి నవ్వుతూ చూశాడు. చెంచా వైపు చూశాడు. పెదాలు మూశాడు. అమ్మ మీంచి చూపు తిప్పుకుని, తల నా వైపు తిప్పి, నోరు తెరిచాడు.

ప్రశ్నలమ్మ గోడ వైపు తిరిగిపోయింది. దర్జీ అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ చెంచా అలాగే గాలిలో పట్టుకుని ఉంది. తర్వాత ఆ ముద్ద తనే తినేసింది. మెల్లగా నమిలి, గొంతు దిగక కష్టపడి మింగింది.

"పలుకు తగులుతోందే, ఇంకాస్త మెదపాలి" అంది. చెంచా నా చేతిలో పెట్టింది. వాడింకా నా వైపే నోరు తెరుచుకుని ఉన్నాడు.

"నా మంచం ఎక్కడ వేస్తావే?" అంది అమ్మ.